గండికోట నుంచి ఎస్‌బీసీ దాకా – ఒక కావలివాడి కథ

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడల్లా మా జేజినాయన నన్ను ఒకటే ప్రశ్న అడుగుతాడు. "ఏమిరా అబ్బీ, ఆపీసులో నువ్వు చేసే పనేంది?" అని. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా "కంప్యూటర్ పని" అని చెప్పి తప్పించుకుంటున్నా. ఈసారి వదల్లేదు. "బ్యాంకులో పిల్లోడిదీ కంప్యూటర్ పనే, సచివాలయంలో కూర్చునే పిల్లదీ కంప్యూటర్ పనే. నీది ఏం పనిరా?" అన్నాడు.

సరే, చెప్పేద్దాం అనుకున్నా. నేను పనిచేసేది సెషన్ బోర్డర్ కంట్రోలర్ల మీద. పొట్టిగా ఎస్‌బీసీ. ఇంటర్నెట్ ఫోన్లు వాడే కంపెనీకీ, బయటి టెలిఫోన్ ప్రపంచానికీ మధ్య సరిహద్దులో కూర్చునే పెట్టె అది. (ఈ రోజుల్లో పెట్టె కూడా కాదు, చాలాచోట్ల క్లౌడ్‌లో నడిచే సాఫ్ట్‌వేరే.) ఎనభై దాటిన మనిషికి ఇదంతా ఎలా చెప్పాలి? "కంపెనీ ఫోన్లన్నీ ఒక ఊరనుకో జేజినాయనా. ఊళ్ళోకి దారి ఒకటే. ఆ దారిలో ఒక కావలివాడు ఉంటాడు. ఎవరిని లోపలికి రానియ్యాలి, ఎవరిని బయటికి పోనియ్యాలి అని చూస్తుంటాడు. వాడికి రూల్స్ రాసిచ్చేది నేను" అన్నా.

"అంటే తలారి పనా?" అన్నాడు. ఇంట్లో అందరూ గొల్లుమన్నారు. లక్షలు పోసి ఇంజనీరింగ్ చదివిస్తే చివరికి తలారి పనా అని మా నాయన మొహంలో చిన్న బాధ కూడా కనబడింది :). జేజినాయన మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించి ఇంకో ప్రశ్న వేశాడు. "మరి కావలి ఉండంగానే దొంగలు పడితే నష్టం ఎవురు కట్టియ్యాల? నువ్వా, మీ కంపెనీనా?"

నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్ తిరుగు బస్సులో రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. ఆ ప్రశ్న పట్టుకుని చరిత్రలోకి పోతే చాలా దూరం పోవాల్సొచ్చింది. అందుకే ఈ టపా కాస్త పొడుగు. ఓపిగ్గా చదవండి.

మాది కడప జిల్లా, జమ్మలమడుగు దగ్గర పల్లె. గండికోట పక్కనే. స్కూలు పిక్నిక్ అంటే గండికోటే, చుట్టాలొస్తే గండికోటే, ఇప్పుడు ఆఫీసు ఫ్రెండ్స్ వచ్చినా గండికోటే. ఒకవైపు పెన్నా లోయ, నిలువునా కోసేసినట్టు ఉంటుంది. అటు నుంచి ఎవడూ రాలేడు. రావాలంటే కోట వాకిలి దాటే రావాలి. ఆ వాకిలి చూసి అందరూ ఫొటోలు దిగుతారు గానీ, నాకు అక్కడ బాగా నచ్చిన కథ వాకిలిది కాదు, ఉత్తరాలది.

1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి గండికోటకి వచ్చాడు. అప్పుడు కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. పట్టుకుని ఎన్నో రోజులు కాలేదు. మీర్ జుమ్లా సేనాని మాత్రమే కాదు, వజ్రాల గనులూ, ఓడలూ ఉన్న పెద్ద వ్యాపారి. తావెర్నియే ఆయన్ని డేరాలో కలిసినప్పుడు చూసిన దృశ్యం తన యాత్రల పుస్తకంలో రాసిపెట్టాడు. ఆయన కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి ఒకటి, ఇంకోసారి చేతి నుంచి ఒకటి లాగుతూ ఇద్దరు లేఖకులకి జవాబులు చెబుతున్నాడట. కొన్నిటికి తానే రాస్తున్నాడట. నా ఇన్‌బాక్స్ కంటే అదే నయం అనిపించింది.

అసలు సంగతి ఆ తర్వాతది. రాయడం అయ్యాక లేఖకుల చేత చదివించుకుని, స్వయంగా తనే ముద్ర వేసేవాడట. అప్పుడు కొన్ని కాలినడక వార్తాహరులకి, కొన్ని గుర్రపువాళ్ళకి ఇచ్చి పంపేవాడు. ఆ కాలినడక మనుషుల గురించి కూడా తావెర్నియే రాశాడు. దారి పొడుగునా కొంత కొంత దూరానికి చిన్న గుడిసెలు. ఒకడు పరుగెత్తుకొచ్చి ఉత్తరం గుడిసె ముందు నేల మీద పడేస్తాడు, ఇంకొకడు అది తీసుకుని పరుగు అందుకుంటాడు. చేతికి చేయి ఇస్తే అపశకునమట.

మన భాషలో చెప్పాలంటే, రవాణా హాప్ బై హాప్, ముద్ర ఎండ్ టు ఎండ్. మధ్యలో పదిమంది చేతులు మారొచ్చు, కానీ వాళ్ళెవరికీ లోపల ఏముందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ముద్ర చెదిరితే అందుకున్నవాడికి వెంటనే తెలుస్తుంది. 1652లో మా పెన్నా గట్టున ఒక వ్యాపారి వాడిన పద్ధతి ఇది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు మూడు వందల ఏళ్ళు దూకి ఉత్తరాల నుంచి ఫోన్లకి వద్దాం. మా జేజినాయన వయసులో ఉన్నప్పుడు ఊరి నుంచి మద్రాసుకో హైదరాబాదుకో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకుని కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రేట్లు వేరు. ఫలానా మనిషే కావాలంటే పీపీ కాల్ అని ఇంకో రేటు. పోస్టాఫీసు అరుగు మీద గంటలు గంటలు కూర్చుంటే అప్పుడు పిలుపు వచ్చేది. మధ్యలో ఆపరేటర్. "ఆపరేటరమ్మ అన్నీ వింటాంటాది. అందుకే పత్తి రేటు మాత్రం ఫోన్లో చెప్పేటోళ్ళం కాదు" అంటాడు జేజినాయన.

ఆ ఆపరేటర్ చేసే పని చూడండి. అవతలి లైను ఒకటి, ఇవతలి లైను ఒకటి. రెండూ వేరు వేరు. ఆ రెండింటినీ తన బోర్డు మీద త్రాడుతో కలుపుతుంది. ఎవరికి ముందు ఇవ్వాలో ఆమె ఇష్టం. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో ఆమెకి తెలుసు. తలచుకుంటే వినగలదు, కోసెయ్యగలదు.

ఈ పెత్తనం అమెరికాలో ఒకాయనకి నచ్చలేదు. అల్మాన్ స్ట్రౌజర్ అని, కాన్సాస్ సిటీలో శవాల అంత్యక్రియల వ్యాపారం. తన గిరాకీ కాల్స్‌ని ఎక్స్ఛేంజిలో పోటీదారుడికి మళ్ళిస్తున్నారని అనుమానం వచ్చి, అసలు ఆపరేటరే అక్కర్లేని ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి కనిపెట్టాడని చెప్పుకుంటారు. పేటెంటు వచ్చింది 1891లో. మన దేశంలో మొదటి ఎస్టీడీ లైను 1960లో కాన్పూర్, లక్నోల మధ్య. ఆ తర్వాత 1984లో సీ-డాట్ పెట్టడం, పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి తయారుచేయడం, పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులు ఊరూరా రావడం. మధ్య మనిషి మెల్లగా మాయమయ్యాడు. కొన్నాళ్ళ పాటు.

మధ్యవాణ్ణి పూర్తిగా తీసెయ్యాలన్న కల ఇంటర్నెట్ వాళ్ళది. 1999 మార్చిలో సిప్ ప్రోటోకాల్ మొదటి రూపం ఆర్ఎఫ్‌సీ 2543గా వచ్చింది. 2002 జూన్‌లో ఆర్ఎఫ్‌సీ 3261, ఈ రోజుకీ మేము తిట్టుకుంటూ చదివేది అదే. ఆలోచన సింపుల్. తెలివంతా రెండు చివర్లలో ఉండాలి. మధ్యలో ప్రాక్సీలు ఉన్నా అవి తావెర్నియే చూసిన వార్తాహరుల్లాంటివి. ఉత్తరం అందించడం వరకే, విప్పడం వాటి పని కాదు. మాట మాత్రం ఫోను నుంచి ఫోనుకి నేరుగా పోవాలి.

ఆ కల మూడు చోట్ల దెబ్బతింది.

మొదటిది ఎన్ఏటీ. ఇంటర్నెట్ అడ్రసులు చాలవని 1994లోనే ఆర్ఎఫ్‌సీ 1631తో ఈ చిట్కా వచ్చింది. ఆఫీసు లోపల అందరికీ 192.168 తో మొదలయ్యే ఇంటిపేర్లు, బయటికి మాత్రం ఒకటే పబ్లిక్ అడ్రసు. బ్రౌజింగుకి ఇబ్బంది లేదు. కానీ సిప్ ఫోను "నాకు మాటలు ఈ అడ్రసుకి పంపు" అని సందేశం లోపల తన అడ్రసు రాస్తుంది. రాసేది లోపలి అడ్రసు. బయటూరివాడికి ఉత్తరం రాసి, తిరుగు చిరునామా "మా ఇంటి వెనక గది" అని పెట్టినట్టు. జవాబు ఎక్కడికొస్తుంది? ఫలితం మీ అందరికీ తెలిసిందే. "హలో... హలో... వినపడుతోందా?" అవతలివాడి మాట మనకి వినిపించదు, మన మాట వాడికి వినిపిస్తూనే ఉంటుంది.

రెండోది ఒకళ్ళ మీద ఒకళ్ళకి నమ్మకం లేకపోవడం. రెండు టెలికాం కంపెనీలు కాల్స్ ఇచ్చిపుచ్చుకోవాలి గానీ, తన లోపల ఎన్ని సర్వర్లున్నాయో, వాటి అడ్రసులేంటో అవతలివాడికి తెలియడం ఎవరికీ ఇష్టం ఉండదు. మూడోది, ఒక్కో తయారీదారుడు సిప్‌ని ఒక్కో రకంగా అర్థం చేసుకోవడం. వీడి ఫోను మాట వాడి ఎక్స్ఛేంజికి అర్థం కాదు. కడప మాటా శ్రీకాకుళం మాటా రెండూ తెలుగే అయినట్టు.

ఈ మూడింటికీ మందుగా ఎస్‌బీసీ పుట్టింది. 2000లో అమెరికాలో ఆక్మీ ప్యాకెట్ అనే కంపెనీ మొదలైంది. ఆ రోజుల్లోనే కగూర్, నెక్స్‌టోన్, జసోమి లాంటివి కూడా. ఏ ప్రమాణాల సంఘమూ కూర్చుని డిజైన్ చేసింది కాదు ఇది. అవసరం కొద్దీ రోడ్డు మీద వెలసిన చెక్‌పోస్టు. ఇది చేసేది ఒకటే పెద్ద పని. వచ్చిన కాల్‌ని తన దగ్గరే ముగించి, అవతలి వైపు తనే కొత్తగా ఇంకో కాల్ మొదలుపెడుతుంది. మేము దీన్ని బ్యాక్ టు బ్యాక్ యూజర్ ఏజెంట్ అంటాం. జేజినాయన అయితే ఆపరేటరమ్మ అంటాడు. రెండూ ఒకటే! మాయమైందనుకున్న మనిషి సాఫ్ట్‌వేర్ వేషంలో తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళకి ఇది అస్సలు మింగుడు పడలేదు. 2010 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 5853 వచ్చింది. ఎస్‌బీసీలు ఏమేం చేస్తాయో, వాళ్ళని జనం ఎందుకు పెట్టుకుంటున్నారో చెబుతూనే, ఒక్కో పని వల్ల ఎండ్ టు ఎండ్ భద్రత ఎక్కడ విరుగుతుందో కూడా రాసింది. వద్దనలేక, సరేననలేక రాసిన పత్రం అది. మార్కెట్టు మాత్రం ఎప్పుడో సరేనంది. 2013లో ఆక్మీ ప్యాకెట్‌ని ఒరాకిల్ సుమారు 210 కోట్ల డాలర్ల ధరకి కొనేసింది.

ఇక్కడే మీర్ జుమ్లా ముద్ర గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడు బిజినెస్ కాల్స్‌కి ఎన్‌క్రిప్షన్ ఉంది. సిగ్నలింగ్‌కి టీఎల్ఎస్, మాటలకి ఎస్ఆర్‌టీపీ (2004లో ఆర్ఎఫ్‌సీ 3711గా వచ్చింది). బ్రోషర్లలో తాళం బొమ్మ వేసి "ఫుల్లీ సెక్యూర్" అని రాస్తారు. కానీ మామూలు అమరికలో ఆ ముద్ర ఎస్‌బీసీ దాకానే. అక్కడ విప్పుతారు, చూస్తారు, మళ్ళీ కొత్త ముద్ర వేసి పంపుతారు. కొన్నిసార్లు లోపలి వైపు అసలు ముద్రే వెయ్యరు. కారణాలు మంచివే. కాల్ రికార్డింగ్, కోడెక్ మార్పిడి, చట్టప్రకారం ప్రభుత్వం అడిగితే ఇవ్వాల్సిన నిఘా. కానీ ఆ విప్పిన క్షణంలో మాట ఆ మెషీన్ మెమరీలో మామూలు మాటే. గుడిసె ముందు నిలబడ్డ వార్తాహరుడు ఇప్పుడు ముద్ర విప్పి చదివి, తన సొంత ముద్ర వేసి పంపుతున్నాడన్నమాట. అందుకున్నవాడికి తేడా తెలియదు.

కావలివాడికి ఇంత అధికారం ఇస్తే ఏమవుతుంది? దీనికి మా సీమ దగ్గర అనుభవపూర్వకమైన జవాబు ఉంది. ఈ రోజుల్లో రాయలసీమ అనగానే సినిమా వాళ్ళకి బాంబులు గుర్తొస్తాయి గానీ, మా చరిత్రలో అసలైన సబ్జెక్టు కావలి.

పాత పద్ధతి ఇది. ఊరికి తలారి ఉంటాడు. అతని పైన, ఒక ప్రాంతం మొత్తానికీ దారులకీ కావలి బాధ్యత పాళెగాడిది. అందుకు ఊళ్ళు రుసుము ఇస్తాయి, కావలి మనుషులకి ఇనాం భూములు ఉంటాయి. వాళ్ళని కట్టుబడి బంట్లు అనేవాళ్ళు. ఇందులో ఒక గట్టి షరతు ఉంది. దొంగతనం జరిగితే కావలివాడు దొంగసొత్తు పట్టుకురావాలి, లేదా దాని విలువ తనే కట్టాలి. జేజినాయన ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడర్థమైందా?

కాగితం మీద చక్కటి పద్ధతి. కానీ పై రాజ్యం బలహీనపడేకొద్దీ పాళెగాళ్ళు రుసుము వసూలు చెయ్యడం వరకే గుర్తుంచుకున్నారు. ఇవ్వని ఊరి మీద కావలివాళ్ళే దొంగల్లా పడ్డ సందర్భాలు ఉన్నాయి. కంచే చేను మేస్తే అంటారే, అది. 1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలని కంపెనీకి దత్తం చేసినప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకి ఇక్కడ 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద 30 వేల మంది సాయుధ బంట్లు ఉన్నారని లెక్క. 1807లో ఆయన వెళ్ళేలోపు ఆ వ్యవస్థని విరగ్గొట్టేశాడు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. కావలి తీసేస్తే కావలివాడు ఏమైపోవాలి? కట్టుబడి ఇనాములని కంపెనీ లాక్కోవడం మొదలుపెట్టాక ఆ బంట్లకి బతుకు లేకుండా పోయింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినప్పుడు ఆయన వెనక నడిచిన వాళ్ళలో వీళ్ళు చాలామంది. 'సైరా' చూసినవాళ్ళకి యుద్ధాలు గుర్తుండొచ్చు. నాకు మాత్రం గుర్తొచ్చేది ఆ కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ జనంలో, నిన్నటి దాకా ఊళ్ళకి కావలి కాసిన మనుషులు ఉన్నారన్న సంగతి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలోనే ఆయన్ని ఉరితీశారు.

దీన్నుంచి నాకర్థమైంది ఇది. కావలి లేకుండా ఊరు ఉండదు. కానీ కావలికి మూడు కావాలి. ఏం చెయ్యొచ్చో రాసిపెట్టిన హద్దు, వాణ్ణి చూసే ఇంకో కన్ను, తప్పితే నష్టానికి బాధ్యత. మూడింట్లో ఏది పోయినా మిగిలేది పాళెగాడే.

ఇప్పుడు నా సొంత గొడవ చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. కరోనా రోజులు. 2020 మార్చిలో టెలికాం శాఖ కాల్ సెంటర్లకి ఇంటి నుంచి పనికి సడలింపు ఇచ్చింది. ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. మాకున్న కస్టమర్లలో ఒక చిన్న కంపెనీ, ప్రొద్దుటూరులో, నంద్యాలలో ఇళ్ళ నుంచి పనిచేసే ఏజెంట్ల కోసం తమ ఐపీ పీబీఎక్స్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచింది. మధ్యలో ఎస్‌బీసీ లేదు, ఖర్చని వద్దన్నారు. పోర్ట్ 5060 బార్లా తెరిచి ఉంది. 204 ఎక్స్‌టెన్షన్‌కి పాస్‌వర్డ్ కూడా 204.

ఇంటర్నెట్‌లో అలాంటి తలుపుల కోసం రాత్రింబవళ్ళు తట్టుకుంటూ తిరిగే స్కానర్లు ఉంటాయి. ఒక శనివారం రాత్రి ఒకటి తట్టింది, తలుపు తెరుచుకుంది. సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేదాకా, ఎప్పుడూ పేరు విననన్ని దేశాల నంబర్లకి కాల్స్ పోతూనే ఉన్నాయి. ఆ నంబర్లకి వచ్చే నిమిషాల డబ్బులో నంబరు పెట్టుకున్నవాడికి వాటా ఉంటుంది. అదీ వాళ్ళ వ్యాపారం. బిల్లు కొన్ని లక్షలు. ఆపరేటర్ "కాల్స్ మీ లైను నుంచే పోయాయి" అన్నాడు. పీబీఎక్స్ అమ్మినవాడు "పాస్‌వర్డ్ మీరు పెట్టుకున్నదే" అన్నాడు. మా వాళ్ళు "ఎస్‌బీసీ మీరే వద్దన్నారు" అని మెయిల్ తీసి చూపించారు. అందరి దగ్గరా కాగితం ఉంది. కట్టింది మాత్రం ఆ చిన్న కంపెనీ. 1790ల్లో మా సీమలో ఇదే జరిగి ఉంటే, కనీసం పలానా కావలివాడు కట్టాలి అని అడగడానికి ఒక మనిషైనా ఉండేవాడు.

ఆ తర్వాత వాళ్ళకి ఎస్‌బీసీ పెట్టింది నేనే. కసిగా పెట్టాను. తెలియని అడ్రసు నుంచి ఒక్క ప్యాకెట్ కూడా రాకూడదు. ఐఎస్‌డీ బంద్. నిమిషానికి ఇన్ని కాల్స్ అని లెక్క. బయటికి పోయే నంబరు సరిగ్గా పది అంకెలుంటేనే, లేదా సున్నాతో మొదలైతేనే. టెస్టింగ్ బ్రహ్మాండంగా పాసైంది. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

మూడు నెలల తర్వాత ఒక రాత్రి షిఫ్టులో అక్కడ పనిచేసే ఒకామెకి ఉన్నట్టుండి ఊపిరి ఆడలేదు. పక్కనున్న అబ్బాయి టేబుల్ మీది ఫోన్ తీసి 108 కొట్టాడు. బిజీ టోను. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ బిజీ. మొబైళ్ళు ఫ్లోర్ మీదికి తేనివ్వరు, లాకర్లలో ఉంటాయి. పరుగెత్తి బయటికి పోయి మొబైల్ తెచ్చి చేశాడు. ఆమె బతికింది, బాగుంది. కానీ ఆ బిజీ టోను ఇచ్చింది నా ఎస్‌బీసీ. 108 పది అంకెలు కాదు కదా. 112 అయినా అదే గతి. రాసింది నేను, వేరే ఎవర్నీ అనడానికి లేదు. మంచి ఎస్‌బీసీలన్నిట్లో ఎమర్జెన్సీ నంబర్లకి లెక్కలతో పనిలేకుండా దారిచ్చే సౌకర్యం ఉంటుంది. నేను ఆ పేజీ తెరవనే లేదు. దొంగని ఆపడం గురించి ఆలోచించాను గానీ, ఆపదలో ఉన్నవాడి గురించి ఆలోచించలేదు.

మా ఊరి బస్సు ఎక్కినప్పుడల్లా ఇది గుర్తొచ్చే చోటు ఒకటుంది. హైదరాబాద్ నుంచి పోతుంటే కర్నూలుకి ముందు, తుంగభద్ర దాటకముందే పుల్లూరు టోల్‌ప్లాజా. అవతల ఆలంపురం. పూర్వం ఆలంపురం గుళ్ళకి రాళ్ళు తోలే బండ్లవాళ్ళు నది దాటేముందు ఆగి ఇరుసులకి కందెన రాసుకునేవాళ్ళని, అందుకే కందెనవోలు, కందనవోలు, చివరికి కర్నూలు అయిందని అంటారు. సరిహద్దులో ఆగడం అంటే బండికి కాస్త నూనె పడటం అన్నమాట. 2014 జూన్ 2 నుంచి అక్కడ రాష్ట్ర సరిహద్దు. 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో, హైదరాబాద్ ఆస్పత్రులకి పోతున్న ఏపీ అంబులెన్సులని అక్కడ ఆపేశారు. ఆస్పత్రి నుంచి ముందస్తు అనుమతి కాగితం లేదని. కర్నూలు, కడప వాళ్ళకి అప్పుడు హైదరాబాదే పెద్దాస్పత్రి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుల మీద స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది.

ఆ వార్తలు చూసి అప్పుడు నేను కూడా చాలా ఆవేశపడ్డాను. "బారికేడ్ పెట్టినవాడికి బుద్ధుండక్కర్లా?" అని. కానీ నా కాన్ఫిగరేషన్‌లో ఉన్నది కూడా అదే బారికేడ్. కాగితం సరిగ్గా లేదు, పది అంకెలు లేవు, పో వెనక్కి.

అలాగని కావలి వద్దనడం లేదు. అసలు కావలి లేకపోతే ఏమవుతుందో దేశం మొత్తం చూసింది. 2002 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితంగా దారి ఇచ్చినప్పటి నుంచి మన ప్రభుత్వం పెట్టిన సరిహద్దులు ఎన్నో. ఆఫీసు నుంచి ఆఫీసుకి పోయే లోపలి ఐపీ కాల్, మామూలు టెలిఫోన్ నెట్‌వర్క్ కాల్, రెండూ కలవకూడదని రూలు. ఈ ఒక్క రూలు కోసం ఎంతమంది ఇంజనీర్లు ఎన్ని రాత్రులు 'లాజికల్ పార్టిషనింగ్' చేసుంటారో. 2020 నవంబర్‌లో, 2021 జూన్‌లో వచ్చిన కొత్త మార్గదర్శకాలతో కాల్ సెంటర్లకి చాలా మటుకు ఈ బాధ తగ్గింది. ఇంకోవైపు, విదేశాల నుంచి వస్తూ మన +91 నంబరులా కనబడే దొంగ కాల్స్. పోలీసులమని, కొరియర్ వాళ్ళమని భయపెట్టి ముసలివాళ్ళ దగ్గర డబ్బు లాగేవి. 2024 అక్టోబర్ 22న వాటిని సరిహద్దులోనే ఆపే వ్యవస్థని టెలికాం శాఖ మొదలుపెట్టింది. మొదటి 24 గంటల్లో ఆపినవి 1.35 కోట్ల కాల్స్ అని ప్రకటించారు. ఒక్క రోజులో! ఆ కాల్స్‌లో ఒకటి మా జేజినాయనకి వచ్చి ఉండొచ్చు. కాబట్టి కావలి కావాల్సిందే.

కావాల్సింది మాత్రం మన్రోకి ముందరి కావలి కాదు. అందుకే ఆ 108 సంగతి జరిగాక నా వరకు నేను మూడు పనులు మొదలుపెట్టాను. ఒకటి, ఏ ఎస్‌బీసీ అయినా లైవ్‌లోకి పోయేముందు మొదటి టెస్టు 112, 108. దొంగ టెస్టులన్నీ ఆ తర్వాతే. రెండు, ముద్ర ఎక్కడ విప్పుతున్నామో, ఎందుకు విప్పుతున్నామో, విప్పినచోట ఎవరెవరికి లాగిన్ ఉందో ఒక పేజీ రాసి కస్టమర్ చేతిలో పెడతాను. "ఫుల్లీ సెక్యూర్" అన్న మాట వాడను. ఆ లాగిన్ల లాగ్ మా చేతిలో కాకుండా కస్టమర్ దగ్గరే ఉండాలని అడుగుతాను. మూడు, కాంట్రాక్టులో ఒక లైను. టోల్ ఫ్రాడ్ జరిగితే ఎవరు ఎంత కట్టాలి అని. మొదటి రెండూ కుదిరాయి. మూడోది ఇప్పటిదాకా ఏ లీగల్ టీమూ ఒప్పుకోలేదు. ప్రతిసారీ ఎర్ర సిరాతో కొట్టేసి పంపుతారు. నేను ప్రతిసారీ మళ్ళీ పెడతాను.

పోయిన ఆదివారం జేజినాయనకి ఫోన్ చేశా. "నువ్వడిగిన దానికి జవాబు కనుక్కున్నా. దొంగలు పడితే కావలివాడు కట్టడు జేజినాయనా, సొమ్ము పోగొట్టుకున్నవాడే కట్టుకోవాల" అన్నా.

కాసేపు ఏం మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నా.

"అయితే దాన్ని కావలి అనగాకురా. ఇంకో పేరు పెట్టుకోండి" అన్నాడు.

మీలో కాంట్రాక్టులు చూసేవాళ్ళెవరైనా ఉంటే, ఆ మూడో లైను ఎక్కడైనా ఒప్పించగలిగితే నాకు చెప్పండి. మా జేజినాయనకి చెప్పాలి. ఈలోపు ఒక చిన్న పని చెయ్యండి. రేపు ఆఫీసుకి పోయాక మీ టేబుల్ మీది ఫోన్లోంచి 112 పోతుందో లేదో మీ నెట్‌వర్క్ టీముని అడగండి. ఊరికే కొట్టి చూడకండి, అవతల నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళుంటారు. అడగండి చాలు. వాళ్ళు "చూసి చెబుతాం" అన్నారంటే, చూడలేదని అర్థం.